ఎడంకాలి ప్యాడు

సంక్రాంతి సెలవులకి మనవడు వైజాగు నుంచి దిగాడు. కిరండూల్ పాసింజరు బొర్రా స్టేషన్లో ఆగగానే వాళ్ళమ్మ వాడి మొహం చూసి చిక్కిపోయాడంది. నేను మాత్రం వాడి వెనకాల వస్తున్న పెట్టెను చూశాను. చక్రాల పెట్టె. అందులో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. ప్లాట్‌ఫారం పొడుగునా గడగడలాడించుకుంటూ లాక్కొచ్చాడు. ఇంటికి చేరాక అరుగు మీద పెట్టి జిప్పు లాగి, లోపలి నుంచి రెండు తెల్లటి దిమ్మలు తీశాడు.

"ప్యాడ్లు తాతా. మీరట్ సరుకు. సొంతవి."

సొంతవి అన్నప్పుడు వాడి మొహం చూడాలి. భూమి పట్టా చేతికొచ్చినవాడి మొహంలో కూడా అంత వెలుగుండదు.

చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. రెండూ కలిపి కిలోన్నరకి అటూ ఇటూ. వేలితో నొక్కితే లోపలికి దిగి మళ్ళీ పైకొచ్చింది. బెత్తం లేదు, దూది లేదు, తోలు లేదు, అంతా ఫోమేనట. వెనకాల రెండు పట్టీలు. వాడు ఒకదాన్ని పట్టుకుని లాగాడు. చర్రుమంది. అరుగు కింద నిద్రపోతున్న కుక్క ఉలిక్కిపడి లేచి గెడ్డ వైపు పరుగెత్తింది.

"వెల్‌క్రో తాతా. రెండు సెకన్లలో అంటించుకోవచ్చు."

అంటించుకోవడం! మా రోజుల్లో ప్యాడు కట్టేవారు. కట్టుకునేవారని కూడా అనను. ఒకడు కాలు చాపితే ఇంకొకడు కింద కూర్చుని కట్టేవాడు. ఈ సంగతి ఎంత చెప్పినా మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బైలదిల్లా ఇనుపరాయిని వైజాగు రేవుకి దింపి జపానుకి పంపడానికి 1960ల్లో మా కొండల్లో లైను వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. మా బొర్రా గుహల నెత్తి మీద నుంచే రైలు పోతుంది. ఆ రైలుతో పాటు మా కొండ ఎక్కినవి చాలా ఉన్నాయి గాని వాటిలో క్రికెట్టొకటి. వాల్తేరు నుంచి బదిలీ మీద వచ్చిన స్టేషను బాబులూ సిగ్నలు వాళ్ళూ ఆదివారం పూట ఏమీ తోచక ఆడేవారు. మేం గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. కొన్నాళ్ళకి బంతి ఏరి ఇచ్చేవాళ్ళం. 1975లో నేను రైల్వే గ్యాంగులో చేరాక, మనిషి తక్కువైన ఒక ఆదివారం, ఏటి చూస్తావురా దిగు అన్నారు. దిగాను.

గ్రౌండు అంటే ఏదో ఊహించుకునేరు. బొర్రాలో బల్లపరుపుగా ఉండే చోటంటే ప్లాట్‌ఫారం ఒక్కటే. పుష్యమాసంలో వరి కోసేశాక ఖాళీ పడ్డ మడి మా గ్రౌండు. ఒక పక్కకి కొడితే కొండ. బంతి దానంతటదే దొర్లుకుంటూ తిరిగొచ్చేది. రెండో పక్కకి కొడితే లోయ. అటు పోయిన బంతి గోస్తనిలో కలిసినట్టే. పూర్వం ఒక ఆవు ఇక్కడి కన్నంలో పడిపోతే, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి గుహలో శివలింగం కనిపించిందని మా పెద్దలు చెబుతారు. ఆవు పడితే దేవుడు దొరికాడు. మా బంతులు పడితే బంతులు కూడా దొరకలేదు. అందుకని లోయ వైపు కొట్టినవాణ్ణి అవుటు చేసేవాళ్ళం. అది మా సొంత రూలు.

అప్పట్లో మా సెక్షనుకి ఒక ఇనస్పెక్టరు గారుండేవారు. పేరెందుకు లెండి, పోయిన మనిషి. లైను తనిఖీకి పుష్ ట్రాలీ మీద వచ్చేవారు. ఒకరోజు ఆ ట్రాలీ మీద గొడుగు పక్కనే ఒక గోనె మూట. విప్పితే వాల్తేరులో రైల్వే వాళ్ళు ఆడి ఆడి వదిలేసిన కిట్టు. ఒక బ్యాటు, దారం చుట్టిన ఇంకో సగం బ్యాటు, కీపరు గ్లవ్సు, ఒక జత ప్యాడ్లు. జత అంటే రెండు. అంతే. ఊరంతటికీ, గ్యాంగంతటికీ, స్టేషనంతటికీ రెండు ప్యాడ్లు.

క్రీజులో ఇద్దరుంటారు. ప్యాడ్లు రెండు. మనిషికి ఒకటి. కుడిచేత్తో ఆడేవాడికి ముందుండేది ఎడంకాలు కనుక ఎడంకాలికి. కుడికాలు దేవుడి మీద భారం.

ఇక్కడొక చిక్కుంది. ప్యాడ్లలో ఎడమదీ కుడిదీ వేరు. బకిళ్ళు కాలికి బయటి వైపు రావాలని అలా కుడతారు. జతని ఇద్దరికి పంచితే ఒకడికి సరైన ఎడంకాలి ప్యాడు దక్కుతుంది. రెండోవాడు కుడికాలి ప్యాడుని ఎడంకాలికి కట్టించుకోవాలి. అప్పుడు బకిళ్ళు లోపలికొస్తాయి. పరుగెత్తినప్పుడల్లా ఆ ఇనుము రెండో కాలి చీలమండని గీరేది. ఒక్కోసారి పంట్లాం అంచుని పట్టుకుని మనిషిని బోర్లా పడేసేది. కాబట్టి ఎడంకాలి ప్యాడు పెద్దవాళ్ళది, కుడికాలి ప్యాడు కుర్రాళ్ళది. నాకు ఎడంకాలి ప్యాడు అందడానికి నాలుగేళ్ళు పట్టింది. ప్రమోషనన్నా అంతకంటే ముందే వచ్చింది.

ఆ ప్యాడు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. నిలువుగా బెత్తం బద్దలు, వాటి చుట్టూ దూది, పైన కాన్వాసు గుడ్డ. మోకాలి దగ్గర మూడు మడతల దిండు. మూడు తోలు పట్టీలు. తొడ మీద ఒకటి, పిక్క మీద ఒకటి, మడమ దగ్గర ఒకటి. మడమ దగ్గరది తెగిపోతే మా కీమన్ పాత చెప్పు తోలు కోసి కుట్టాడు. కన్నాలు సాగిపోతే మేకు కాల్చి కొత్త కన్నం పొడిచేవాళ్ళం. స్టేషను దీపాల గదిలో పెట్టేవాళ్ళం కనుక కిరసనాయిలు కంపు. వానాకాలం నాలుగు నెలలూ బూజు కంపు. ఎలకలు దూది లాక్కుపోతే బూరుగు దూది కూరేవాళ్ళం. మంచులో తడిస్తే అది నీళ్ళు తాగి గర్భిణి మేకలా బరువెక్కేది.

తుప్పు పట్టిన బకిలు, బిరుసెక్కిన తోలు. జనవరి పొద్దున్న మా కొండల్లో వేళ్ళు కొంకర్లు పోతాయి. వంగి సొంతంగా కట్టుకోవడం అయ్యే పని కాదు. పైగా అవతలివాళ్ళు తొందరపెట్టేవారు. అందుకని వికెట్టు పడగానే అవుటైనవాడు వస్తూ వస్తూనే కాలు చాపేవాడు. తర్వాతివాడు దాన్ని విప్పేవాడు. ఆ తర్వాత అవుటైనవాడే కింద కూర్చుని కొత్తవాడి కాలికి కట్టేవాడు. వెచ్చగా ఉండేది. ముందువాడి చెమట వేడి నీ పిక్కకి తగిలేది.

శిమిలిగుడ గ్యాంగుతో పందెం కట్టిన మ్యాచిలో ఇనస్పెక్టరు గారు అవుటయ్యారు. తర్వాత దిగాల్సింది నేను. ఆయన తన కాలి ప్యాడు విప్పించుకున్నారు. నేను దాన్ని పట్టుకుని, ఎవరు కడతారా అని దిక్కులు చూస్తున్నాను. ఆయన తెల్ల పంట్లాంతో మడిలో మోకాలేసి, "కాలు పెట్టరా" అన్నారు. నాకు కాలు రాలేదు. ఈ కొండల్లో కాళ్ళు పట్టుకునేది ఎప్పుడూ మేమే. గార్డు కాళ్ళు, షావుకారు కాళ్ళు, అమీను కాళ్ళు. ఆయన నా మడమ పట్టుకుని లాగి, ముందు పిక్క మీది పట్టీ, తర్వాత మడమది, ఆఖరున తొడమీదది బిగించారు. "బిగుతయిందా?" అని అడిగారు. బిగుతైంది బాబూ అన్నాను. కాలు తిమ్మిరెక్కుతోంది, అయినా అలాగే ఉండనిచ్చాను. ఎన్ని పరుగులు కొట్టానంటే, రెండు. అది వేరే విషయం.

నా మనవడికి ఈ కథ చెబితే "ఆయన గ్రేట్ తాతా" అని ఫోను చూసుకున్నాడు.

స్టేషను కిట్టు మా ఊరి పిల్లలకి ఇచ్చేవారు కాదు. దానికి వాళ్ళు ఆగారా? డీఆర్ రేషను డిపో నుంచి బియ్యం గోనె, వెదురు బద్దలు, అడ్డ నార. బద్దల్ని మోకాలి పొడుగు కోసి, గోనెలో వరసగా దూర్చి, నారతో కాలికి చుట్టేవారు. తెల్లగా కనబడాలని మా దగ్గర దొరికే తెల్లరాయి నూరి పూసేవారు. ఆ రాయే ఇంత గొడవ తెస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు? దాని కోసమే మా అనంతగిరి కొండలకి గనుల కంపెనీలు వచ్చాయి, దాని మీదే కోర్టుకెళ్ళారు, గిరిజన ప్రాంతంలో బయటి కంపెనీలకి గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. మా పిల్లలు మాత్రం దాన్ని ప్యాడుకి పూసుకుని, రెండు బంతులకే రాలగొట్టుకునేవారు.

ఆ వెదురు ప్యాడుకి బంతి తగిలితే టపామని చప్పుడు. సొరంగం అవతల దాకా వినబడేది. అవతలివాళ్ళు నవ్వేవారు. ఇనస్పెక్టరు గారు నవ్వలేదు. ఇంగ్లండులో రెండు వందల ఏళ్ళ కిందట రాబిన్సన్ అనే పొడుగాటి ఆసామి ఇలాగే చెక్క పలకలు కాలికి కట్టుకుని దిగాడనీ, బంతి తగిలినప్పుడల్లా మోగుతుంటే జనం నవ్వి నవ్వి చంపారనీ, పాపం విప్పేశాడనీ ఆయనే చెప్పారు. అప్పుడు బంతి కిందినుంచి విసిరేవారు కనుక నవ్వారు. 1835లో చెయ్యి భుజం ఎత్తుకి లేపి వెయ్యొచ్చన్నారు, 1864లో నెత్తి మీదినుంచి వెయ్యొచ్చన్నారు. ముంగాలి ఎముకలు పగలడం మొదలయ్యాక నవ్వినవాళ్ళే ప్యాడ్లు కుట్టించుకున్నారు. మావాళ్ళు ఆ పెద్దమనిషి పేరైనా వినకుండా అదే పని చేశారు. మెచ్చుకోరూ?

ఇంకొక్క సుఖం ఉండేది ఆ ఒక్క జతతో. ఎల్బీ ఇచ్చారని ఒప్పుకోనివాడు ఏం చేసేవాడో తెలుసా? ప్యాడు విప్పేవాడు కాదు. గట్టు మీద కూర్చుని కాలు చాపుకుని బీడీ ముట్టించేవాడు. ప్యాడు లేకపోతే తర్వాతివాడు దిగడు. ఆట ఆగిపోయేది. రాయబారాలు నడిచేవి. మా సిగ్నలు మనిషి ఒకసారి ఇలా కూర్చుంటే, ముప్పావు గంట తర్వాత గూడ్సుకి సిగ్నలు ఇవ్వాల్సి వచ్చి ప్యాడుతోనే కేబిన్‌కి పరుగెత్తాడు. ఇప్పుడు ఇలాంటి సమ్మె చెయ్యమనండి చూద్దాం. ఎవడి ప్యాడు వాడిదే. వాడు అలిగితే వాడి అలక వాడి పెట్టెలోనే ఉంటుంది.

ఇక్కడిదాకా చెప్పేసరికి మా ముసిల్ది పొయ్యి దగ్గర్నుంచి అందుకుంది. "ఓలమ్మో, అంత గొప్ప రోజులైతే ఆ కుడికాలు చూపించవయ్యా మనవడికి."

చూపించక తప్పలేదు. కుడి ముంగాలి మీద, మోకాలికి జానెడు కింద, చింతగింజ పట్టే గుంట ఉంది. 1981. కార్కు బాలు. ప్యాడు ఎడంకాలికి, బంతి కుడికాలికి. ఎముక చిట్లింది. పసుపూ సున్నం పట్టించారు, వెదురు బద్దలతో కట్టు కట్టారు. అవును, కాలికి బద్దలు ఆఖరికి అలా వచ్చాయి. నాలుగు నెలలు మంచం. పుల్లల మోపు, నీళ్ళ కుండ, పోడు పని అన్నీ ఆవిడే. "రెండో ప్యాడు ఉంటే నా నడుం మిగిలేది" అంటుంది ఇప్పటికీ. నేను వెనక్కి అడుగేసిన తీరు తప్పు గాని ప్యాడు తప్పేమీ లేదని చెబుతాను. నలభై ఏళ్ళకి పైగా చెబుతున్నాను.

దెబ్బలంటారా, సి.కె. నాయుడు గారిని చూడండి. పుట్టింది నాగపూర్లో అయినా మన తెలుగింటి మనిషి, 1932లో దేశానికి మొదటి టెస్టు కెప్టెను. యాభై ఆరేళ్ళ వయసులో రంజీ ఫైనలాడుతుంటే ఫడ్కర్ వేసిన బంతి మూతి మీద తగిలి రెండు పళ్ళు రాలాయి. పళ్ళు పక్కకి నెట్టేసి, వెయ్యవయ్యా తర్వాతి బంతి అన్నారట. ఇప్పుడు నా మనవడు టెన్నిస్ బంతికి కూడా హెల్మెట్టు, తొడ ప్యాడు, మోచేతి గార్డు, ఛాతీ గార్డు, రెండు కాళ్ళకీ ఈ దిమ్మలు. అన్నీ తగిలించుకుని నడిచొస్తుంటే వడ్ల బస్తా నడిచొస్తున్నట్టుంది. లోపల ఎవడున్నాడో వాళ్ళమ్మ కూడా పోల్చుకోలేదు.

సరుకుని తిట్టడం లేదండోయ్. 1947లో దేశం చీలినప్పుడు సియాల్‌కోట్ నుంచి ఆట సామాన్ల పనివాళ్ళు కట్టుబట్టలతో వచ్చి జలంధర్లో, మీరట్లో కొట్లు పెట్టుకుంటే ఈ పని ఇక్కడ నిలిచింది. చెయ్యి మంచిదే. 1988 డిసెంబరులో వైజాగులో మొదటి వన్డే జరిగితే పాసింజరెక్కి వెళ్ళి చూశాను. న్యూజిలాండుతో. శ్రీకాంత్ డెబ్బై కొట్టి అయిదు వికెట్లు కూడా తీశాడు. నేను మాత్రం ఎక్కువసేపు ఆయన ప్యాడ్లే చూశాను. రెండు కాళ్ళకీ రెండు, సుద్ద పూసినట్టు తెల్లగా. రెండూ ఒకడివే. ఆ రాత్రి తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అసలు నా బాధ ఇది. ప్యాడు కాలిని కాయడానికి పుట్టింది. ఇప్పటివాళ్ళు దాన్ని రెండో బ్యాటు చేశారు. స్పిన్ను బంతి పడటం ఆలస్యం, ముందుకాలు చాపుతాడు, బ్యాటు ప్యాడు వెనకాల దాస్తాడు. ఆడుతున్నట్టే ఉంటుంది, ఆడడు. కుడికాలు వట్టిదై ఉంటే ఎవడైనా అలా చాపుతాడా? బంతి ఎటు పోతుందో ప్రాణం పెట్టి చూస్తాడు. ఇదీ కొత్త రోగం కాదనుకోండి. 1957లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో ఇంగ్లండు ఆటగాళ్ళు పీటర్ మే, కౌడ్రీ ఇద్దరూ వెస్టిండీస్ రామదీన్‌ని ఇలాగే ప్యాడు చాపి చాపి విసిగించారు. ఇద్దరూ కలిసి 411 కొట్టారు. ఆఫ్ స్టంపుకి బయట కాలికి తగిలితే అప్పటి రూల్లో ఎల్బీ లేదు. పాపం రామదీన్ ఆ ఇన్నింగ్సులో 98 ఓవర్లు వేశాడు. కొట్టే ప్రయత్నం చెయ్యనివాడికి బయట తగిలినా ఎల్బీ ఇవ్వొచ్చని 1970ల్లో గాని రూలు మార్చలేదు.

ఇది చెప్పి గెలిచాననుకున్నాను. మనవడు ఫోను నా మొహం ముందు పెట్టాడు. "ఎల్బీ రూలు 1774లో వచ్చింది తాతా. అప్పటికి ప్యాడ్లే లేవు. అంటే వట్టి కాలే అడ్డం పెట్టేవారు కదా?"

నేను మేకని కట్టెయ్యడానికి వెళ్ళాను.

చూపున్నవాళ్ళకంటే మా జిల్లా పిల్ల ఒకతి నయం. పాంగి కరుణ కుమారి. 2025 నవంబరులో అంధ మహిళల మొదటి టీ20 ప్రపంచకప్పు ఫైనలు కొలంబోలో జరిగితే మనవాళ్ళు గెలిచారు, ఆ జట్టులో మా అల్లూరి జిల్లా నుంచి ఈ పిల్ల ఉంది. వాళ్ళ బంతి లోపల ఇనుప గుండ్లు ఉంటాయి, నేల మీద గలగలమంటూ వస్తుంది, చెవితో విని కొట్టాలి. పేపర్లో చదివి మనవడికి చూపించాను. చెవి పెట్టరా ఆటకి, చెవి పెట్టు అన్నాను. బ్యాటుకి తగిలితే ఒక చప్పుడు, ప్యాడుకి తగిలితే ఒకటి. మా వెదురు ప్యాడు రోజుల్లో ఎల్బీకి అంపైరు కళ్ళు మూసుకున్నా సరిపోయేది.

కనుమ నాడు మ్యాచి. అంపైరుకి మనిషి లేక నన్ను నిలబెట్టారు. మోకాలికి పట్టీ వేసుకుని వెళ్ళాను (అవును, చర్రుమనేదే. డాక్టరు ఇచ్చాడు. నవ్వక్కర్లేదు). మనవడు పన్నెండు మీద ఉన్నాడు. అవతలి ఊరి స్పిన్నరు ఒక బంతి వేశాడు. మనవడు కాలు చాపాడు. బ్యాటు వెనకాల దాచాడు. ధప్పుమంది. మెత్తని, బద్ధకపు చప్పుడు. వేలెత్తాను.

వాడు కదల్లేదు. రెండు చేతులూ పైకెత్తి, ఒకదాని మీద ఒకటి అడ్డం పెట్టి, టీవీలో చేసినట్టు చూపించాడు. రివ్యూ అట. బొర్రాలో. వరి మడిలో. గట్టు మీదినుంచి ఒకడు ఫోనులో వీడియో తీశానంటూ పరుగెత్తుకొచ్చాడు. ముందుకీ వెనక్కీ తిప్పి నలుగురూ నా మొహం ముందు పెట్టారు. బంతి లెగ్ స్టంపు పక్కనుంచి పోతుందట. "ఆ ఫోన్లో చప్పుడు వినిపించండి" అన్నాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు. అయితే తీసెయ్యండి అన్నాను.

వాడు గట్టు వైపు నడిచాడు. నడుస్తూనే వంగి చర్రు, చర్రు, చర్రు, చర్రు. నాలుగు పట్టీలు. ఎవరి చెయ్యీ పడలేదు. తర్వాత దిగాల్సిన కుర్రాడు మా కింది గూడెం వాడు, పన్నెండేళ్ళుంటాయి, వట్టి కాళ్ళతో నిక్కరు ఎగలాక్కుంటూ వస్తున్నాడు.

"ఒరే, వాడికి ఒకటి కట్టరా" అని అరిచాను.

"వాడి సైజు కాదు తాతా! ఇవి పెద్దోళ్ళవి."

మాకు ఆ కుడికాలి ప్యాడు ఎవడి సైజని? తొడ దాకా వచ్చేది నాకు.

వాడు నాతో మాట్లాడక ఇవాళ్టికి మూడు రోజులు. వాళ్ళమ్మ, వాళ్ళమ్మమ్మ కూడా వాడి వైపే. తాతే కదా, ఒక్కసారి నాటవుటంటే ఏం పోయిందంటారు. ఏం పోతుందో నాకు తెలీదు. అది మాత్రం అవుటే.